బేసి వచనాలు

జూన్ 9

క్రిస్టినా ఉదయం బండికి దిగింది. రెండు గిటార్లు, ఒక నల్ల పెట్టె, బట్టల సంచి. ఈయన చెల్లెలి కూతురే అయినా, ఫిబ్రవరిలో ఈయన భూస్థాపనకి వచ్చినప్పుడు సరిగా మాట్లాడుకోలేదు. బెంగుళూరులో వాళ్ళ బ్యాండు విడిపోయిందట. ఇప్పుడు ఒక్కతే ఆల్బమ్ చేస్తుంది. తొమ్మిది పాటలు. ఆగస్టు ఆఖరులోగా ఇవ్వకపోతే కంపెనీవాళ్ళు ఇక ఆగరట.

"ఇదీ పోయిందంటే ఏదో స్కూల్లో చేరి పిల్లల చేత స్వాగత గీతాలు పాడించుకోవడమే అత్తయ్యా" అని నవ్వింది. కళ్ళు నవ్వలేదు.

స్టోరు గది ఇచ్చాను. బియ్యం బస్తాలు తీయించబోతే వద్దంది. బస్తాలుంటే గోడలు శబ్దాన్ని తిరగ్గొట్టవట. బొంతలు, పాత పరుపులు ఎన్నుంటే అన్ని ఇమ్మంది. అటక మీదివి దింపి, లెక్క రాసుకుని ఇచ్చాను. తిరిగి అటక ఎక్కించేటప్పుడు ఒకటి తగ్గితే నాకు నిద్ర పట్టదు.

"ఒకే ఒక్క నియమం. సాయంత్రం ఏడింటికి హాల్లో ప్రార్థన. అయిపోయేదాకా అటు రావద్దు."

"నేనూ కూర్చుంటాను."

"వద్దు."

జూన్ 11

మా గుడి పాస్టరు అయ్యగారు చూడ్డానికొచ్చారు. గుడిలో ఈయన తరవాత హార్మోనియం వాయించేవాళ్ళు ఇంకా కుదరలేదట. హైస్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ కూడా ఒక్క ఆదివారం మానలేదు మాస్టారు అని తలచుకున్నారు. వెళ్తూ గుమ్మం దగ్గర, "సాయంత్రం వాక్యం చదువుకుంటున్నారా అమ్మా?" అన్నారు.

ఎందుకు చెప్పానో, ఉన్నదున్నట్టు చెప్పాను. గుడిలో అయ్యగారు ఒక వచనం, సంఘం ఒక వచనం చదువుతారు కదా, పెళ్ళయిన దగ్గర్నుంచి మా ఇంట్లోనూ అంతే. బేసి వచనాలు ఈయనవి, సరి వచనాలు నావి. ఇప్పుడు కూడా నేను సరి వచనాలే చదువుతాను. ఈయన వంతు వచ్చినప్పుడు ఆగుతాను.

అయ్యగారు కాసేపు చెప్పుల వంక చూశారు. "రెండు వంతులూ మీరే చదువుకోండమ్మా. అది మంచిది."

సరేనండి అన్నాను.

ఈ సాయంత్రం పెద్ద కీర్తన వచ్చింది. ఈయన ఎప్పుడూ నెమ్మదే, అందుకని ఆలస్యమైంది. అన్నం చల్లారిపోయింది.

జూన్ 16

ఫ్యాన్లు ఆపాలి. ఫ్రిజ్ ఆపాలి. గోడ గడియారం తీసి బీరువాలో బట్టల మధ్య పెట్టాలి. ఇంత ఎండలో ఆ పిల్ల నాలుగు బొంతల మధ్య నిలబడి చెమటలు కారుతూ పాడుతుంది. ఆల్బమ్ పేరు కూడా దొరికిందట, "ఆపిన ఫ్యాను".

పక్కింటి మోటారు ఎప్పుడు వేస్తారు, పేపర్ మిల్లు సైరను ఎప్పుడు, వంతెన మీద పెద్ద బళ్ళు ఎప్పుడు, పాలవాడు ఎప్పుడు, అన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించాను. క్రిస్టినా దాన్ని ఫొటో తీసుకుంది. "బెంగుళూరులో దీనికి మనిషిని పెట్టుకుంటారు అత్తయ్యా."

జూన్ 17

వాన. రికార్డింగు లేదు. పచ్చళ్ళ జాడీలు చూసుకున్నాను. మాగాయి మీద నూనె తగ్గింది, పోశాను.

జూన్ 25

పక్కింటి మీనాకుమారి గారు గోడ మీంచి పిలిచారు. వాళ్ళకి మెయిన్ రోడ్డులో కిరాణా హోల్‌సేలు. మా హాలు కిటికీకి, వాళ్ళ దేవుడి గది కిటికీకి మధ్య ఆ గోడ ఒక్కటే అడ్డం.

"బేబి గారూ, మీ మేనకోడలు పాటలు పాడుతుందన్నారు."

"అవునండి, పాడుతుంది."

"మొన్న మా మోటారు బేరింగు పోయిందనుకుని మెకానిక్కుని పిలిపించానండి. వాడొచ్చి, మోటారు బంగారంలా ఉందమ్మా, ఆ చప్పుడు పక్కింట్లోంచి వస్తోందన్నాడు."

లోపల క్రిస్టినా వింటూనే ఉంది. బయటికొచ్చి, "ఆంటీ, అది నా గిటారు. బేరింగు పోయినట్టు వినిపించాలనే అలా పెట్టాను" అంది.

"అయితే బాగా కుదిరిందమ్మా" అన్నారు మీనాకుమారి గారు ఏమాత్రం తడుముకోకుండా. మధ్యాహ్నం పనసతొనలు పంపించారు.

జూలై 3

నాలుగు పాటలయ్యాయి. క్రిస్టినా ముఖంలో సంతోషం లేదు. నా చెవులకి ఆ పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి వినిపించింది. అరుస్తుందనుకున్నాను, చాలాచోట్ల గుసగుసగా పాడుతోంది. ఆ గుసగుసల కింద సన్నగా ఇంకేదో ఉంది.

"నేను పాడటం ఆపినచోట వినండి. అన్నీ కట్టేశాం కదా, ఇదెక్కడిది?"

"వంతెన మీద బండేమో."

"బండైతే వెళ్ళిపోవాలి కదా అత్తయ్యా. ఇది పోదు."

గదులు మార్చి చూసింది. వంటింట్లో పాడింది, బాత్రూములో పాడింది. ఎక్కడైనా ఉంది. హాల్లో ఎక్కువ. ఇది ఇలాగే ఉంటే కంపెనీవాళ్ళు తీసుకోరట.

దాన్ని తీసెయ్యడానికి దారి ఉందట. ఎవరూ పాడకుండా, కదలకుండా ఇంటి నిశ్శబ్దాన్ని ఒక్కదాన్నే రికార్డు చేసి కంప్యూటరుకి చూపిస్తే, అది గుర్తుపెట్టుకుని పాటల్లో ఎక్కడున్నా ఏరేస్తుంది. బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టా అన్నాను. అచ్చం అంతే అంది. కానీ శుభ్రమైన నిశ్శబ్దం దొరకడం లేదు. రికార్డు మొదలుపెట్టగానే కుక్కో, స్కూటరో.

జూలై 5

గోదారికి ఎర్రనీళ్ళొచ్చాయి. ఘాటు దాకా నడిచి వచ్చాము. క్రిస్టినా దారంతా కంపెనీ గురించే.

జూలై 11

నిన్న సాయంత్రం క్రిస్టినా గిటారు తీగలు కొనడానికి వెళ్తూ హాల్లో మైకు ఆపడం మర్చిపోయింది. ప్రార్థనంతా దాంట్లో పడింది. పొద్దున్నే బెదురుతూ చెప్పింది.

"కోప్పడకండి. మీరు చదివింది వినలేదు. మధ్యలో ఆగారు చూడండి, అవి మాత్రం కత్తిరించాను. ఇన్నాళ్ళూ నాకు దొరకని నిశ్శబ్దం అదే. మీరు ఊపిరి కూడా బిగబట్టుకున్నట్టున్నారు."

"ఆగినవి వాడుకుంటావా?"

"మీరు ఊ అంటే. ఒక్కొక్కటి ఒక్కో పొడవుంది. ఎందుకలా ఆగారు?"

"వచనాలన్నీ ఒకే పొడవుండవు కదా."

ఆమెకి అర్థం కాలేదు. నేను చెప్పలేదు. ఏముంది అందులో, తీసుకో అన్నాను.

మధ్యాహ్నానికల్లా పాటలు శుభ్రమైపోయాయి. మళ్ళీ వినిపించింది. గుసగుసల కింద ఏమీ లేదు. కడిగిన పళ్ళెంలా ఉంది. పిల్ల నన్ను ఎత్తుకుని తిప్పినంత పని చేసింది.

సాయంత్రం నా వంతు చదివాను. ఆగాను. ఎంతసేపు ఆగాలో తెలియలేదు.

జూలై 12

ఎంతసేపు ఆగాలో తెలియలేదు.

జూలై 13

గుడికి వెళ్ళొచ్చాను. సాయంత్రం మళ్ళీ అంతే. ఈయన పేము కుర్చీకి ఎదురుగా కూర్చుని, గ్రంథం తెరిచి, మొదటి వచనం కోసం చూశాను. చీకటిపడేదాకా చూశాను.

ఇది ఇప్పటిదాకా ఇందులో కూడా రాయలేదు. ఫిబ్రవరి నుంచి ఈయన వంతు ఈయనే చదువుతున్నారు. మొదట్లో నా ఊహ అనుకున్నాను. ఊహయితే నేను ఎలా అనుకుంటే అలా ఉండాలి. పొడుగు వచనం మధ్యలో దగ్గేవారు. కళ్ళజోడు మార్చాల్సింది మార్చకుండా పోయారు కనుక కొన్ని మాటలు తప్పు చదివి వెనక్కి వెళ్ళేవారు. ఆ తప్పులు నేనెలా ఊహిస్తాను?

జలుబు చేసి ఉంటుంది నాకు.

జూలై 16

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద కూర్చోబెట్టి యంత్రం పెట్టి చూశారు. మీ వయసుకి చాలా మంచి చెవులండి అన్నారు.

జూలై 18

బొంతలు కొన్ని తీసేసి ఎండలో వేశాను. అయినా ఇల్లు బొంత కప్పుకున్నట్టే ఉంది. గిన్నె కింద పడితే చప్పుడు మామూలుగా వచ్చి, వెంటనే ఆగిపోతోంది. ఇదివరకు కాసేపు ఉండేది.

క్రిస్టినా ఆరో పాట చేస్తోంది. హుషారుగా ఉంది.

జూలై 22

బట్టలు ఆరేస్తుంటే మీనాకుమారి గారు గోడ దగ్గరికొచ్చారు.

"ఏంటండీ, సాయంత్రాలు మాస్టారి రికార్డు పెట్టడం మానేశారు?"

చేతిలో దుప్పటి అలాగే ఉంది. "ఏ రికార్డండి?"

"అదేనండి, మీరూ ఆయనా చదువుకునేది. నేను దీపం పెట్టేవేళకి వినబడేది. పాపం ఫోన్లో దాచుకుని వింటున్నారు కాబోలు అనుకునేదాన్ని. మా ఆయన్ని కూడా పిలిచి వినిపించాను ఒకసారి. ఈ మధ్య మీ గొంతొక్కటే వస్తోంది."

"మానేశానండి" అన్నాను.

నా దగ్గర ఈయన గొంతు రికార్డు ఒక్కటి కూడా లేదు. ఫోనంటే గిట్టదు ఈయనకి. పెళ్ళి వీడియోలో కూడా నోరు విప్పలేదు.

దుప్పటి ఆరేయలేదు. తడిదే మడిచి లోపలికి తెచ్చినట్టున్నాను, సాయంత్రం చూస్తే కుర్చీ మీద ఉంది.

జూలై 23

క్రిస్టినాకి చెప్పాను. బేసి వచనాల గురించి, పక్కావిడ విన్నదాని గురించి, పదకొండో తారీఖు నుంచి ఏమైందో.

చాలాసేపు గిటారు తీగ బిగిస్తూ కూర్చుంది. "అత్తయ్యా, నేను తీసింది పాటల్లోంచి. ఇంట్లోంచి కాదు."

"తెలుసు."

"కంప్యూటర్లో ఏరితే ఇంట్లో ఎలా పోతుంది?"

"నాకేం తెలుసమ్మా. నువ్వు ఏరావు, ఇక్కడ పోయింది."

ఏరేసిన దాన్ని విడిగా వినే వీలుందట. ఒక్కటే హెడ్‌ఫోన్ల జత కనుక చెరొక చెవికి ఆనించుకున్నాము. గాలి. కాస్త పెరిగి, కాస్త తగ్గి, మళ్ళీ గాలి. నేను ఇంకా దగ్గరగా నొక్కుకుంటున్నాను. క్రిస్టినా ఉన్నట్టుండి తల వెనక్కి తీసేసుకుంది. హెడ్‌ఫోన్లు నా ఒళ్ళో పడ్డాయి.

"గాలే" అంది.

"గాలే" అన్నాను నేనూ.

లేచి లైటు వేసింది. పట్టపగలు.

జూలై 24

క్రిస్టినా పరుపు వంటింట్లోకి మార్చుకుంది. స్టోరు గదిలో దోమలట.

జూలై 30

అడిగాను. "ఏరింది వెనక్కి పెట్టెయ్యి."

"పెడితే పాటలు పాడైపోతాయి. శుభ్రం చేసినవి వాళ్ళకి పంపించాను కూడా. వాళ్ళకి నచ్చాయి. నా పాట మొదటిసారి ఒకళ్ళకి నచ్చింది అత్తయ్యా." తరవాత గొంతు తగ్గించి, "ఏముంది అందులో, తీసుకో అన్నది మీరే కదా" అంది.

అన్నాను.

ఇద్దరం అన్నం వేరువేరుగా తిన్నాము. ఆ పిల్లకి ఇది తప్ప ఇంకేమీ లేదు. ముప్ఫై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. నాకూ ఆ అరగంట తప్ప ఏమీ లేదు. ఎవరిది వాళ్ళకి పెద్దదే. ఒకరిది తీసి ఒకరికిచ్చే పనీ, ఇద్దరికీ సగం సగం పంచే పనీ కాదు.

ఆగస్టు 6

వాన.

ఆగస్టు 7

వాన. ఏడింటికి కూర్చున్నాను. ఊరికే లేచాను.

ఆగస్టు 8

అయ్యగారు చెప్పినట్టు రెండు వంతులూ నేనే చదువుదామని మొదటి వచనం మీద వేలు పెట్టాను. నోరు రాలేదు. అది నేను చదివితే ఇక ఈయన చదవక్కర్లేదని చెప్పినట్టే.

ఆగస్టు 14

క్రిస్టినా పొద్దున్నే వచ్చి నేను కూరలు తరుగుతుంటే పక్కన చతికిలబడింది.

"అది మావయ్య కాదు. ముందే చెప్తున్నాను. అయినా వెనక్కి పెట్టేశాను. ఎనిమిది పాటల్లోనూ."

కత్తిపీట పక్కకి జరిపాను.

"తీసేశాక ఎనిమిదిదాకా లాక్కొచ్చాను గానీ నాకు తొమ్మిదోది రావడం లేదు. గిటారు పట్టుకుంటే వేళ్ళు ఎటు పోవాలో తెలీదు. పాడితే నా గొంతు ఎవరూ లేని ఇంట్లో పాడినట్టుంది. ఇల్లు కదా, ఎవరో ఒకరుండాలి." బెండకాయ ముక్క ఒకటి తీసి నమిలింది. "అందుకని తొమ్మిదో దాంట్లో పాటే లేదు. ఆ రోజు మైకులో పడిన ప్రార్థనే పెట్టాను. మీ గొంతు మాత్రం తీసేశాను, మీరు ఒప్పుకోరని. మీరు చదివినంతసేపూ ఖాళీగా ఉంచాను."

"అంటే ఈయన వంతు..."

"నిశ్శబ్దం అత్తయ్యా. నిశ్శబ్దమే ఉంది అందులో."

"కంపెనీవాళ్ళు?"

"తిట్టారు. పాత టేపులా ఉంది, ఇంటర్నెట్లో పెడతాం, అంతకుమించి ఏం చెయ్యం అన్నారు. పెట్టమన్నాను."

ఆ పిల్ల ఏం వదులుకుందో నాకు తెలుసు. తల మీద చెయ్యి వేశాను. బెండకాయ జిగురు అంటింది. ఇద్దరం నవ్వాము.

సాయంత్రం తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని కూర్చున్నాను.

రాలేదు.

ఆగస్టు 15

రాలేదు.

ఆగస్టు 27

క్రిస్టినాని బండెక్కించాను. బొంతలన్నీ లెక్క సరిపోయాయి. అటక ఎక్కించాను.

సెప్టెంబరు 19

ఆల్బమ్ పదిహేనో తారీఖున విడుదలైంది. ఫోన్లో ఎలా పెట్టుకోవాలో క్రిస్టినా చెప్పింది. తొమ్మిదో దాన్ని హాల్లో పెట్టి పేము కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను. గాలి. మొత్తం గాలే. నాలుగు రోజులుగా అదే.

సెప్టెంబరు 30

క్రిస్టినా ఫోను. గొంతు ఏదోలా ఉంది.

"జనం వింటున్నారు అత్తయ్యా. ఆ తొమ్మిదోదే ఎక్కువ వింటున్నారు. కింద ఏమేమో రాస్తున్నారు."

"ఏం రాస్తున్నారు?"

"వద్దులెండి."

"చదవమ్మా."

చదివింది. వైజాగు నుంచి ఎవరో రాశారట. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి, ఎవరో పెద్దాయన ఏదో చదువుతున్నాడు, మాటలు తెలియవు గానీ చదువుతున్నాడు, మధ్యలో దగ్గుతున్నాడు. దాని కింద చాలామంది తామూ విన్నామని రాశారు. ఇంకొకావిడ రాసిందట, ఆయన ఒక వాక్యం చదివి ఆగుతున్నాడు, అవతలివాళ్ళు జవాబు చెప్పాలన్నట్టు ఆగుతున్నాడు, ఎవరూ చెప్పడం లేదు, నేను సగంలో ఆపేశాను, వినలేకపోయాను అని.

"అత్తయ్యా? ఉన్నారా?"

"ఉన్నాను. నీకూ వినబడిందా? ఆ రోజు?"

బెంగుళూరు రోడ్డు మీద ఎవరో హారను కొడుతున్నారు.

"వినబడింది" అంది.

అక్టోబరు 1

ఊరందరికీ వినబడుతోంది. నాకు గాలి.

ఈయన ఎవరెవరి ఫోన్లలోనో చదువుతున్నారు. చదివి, నా వంతు కోసం ఆగుతున్నారు. నేను పలకడం లేదు. ఇన్నేళ్ళలో నేను పలకని సాయంత్రం లేదు. నా గొంతు తీసేసి ఖాళీ ఉంచామంటే ఈయనకేం తెలుస్తుంది? నేను లేచి వెళ్ళిపోయాననుకుంటారు.

పోయింది నాకేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

అక్టోబరు 2

నేను చదవగలను. ఆ రోజు ఏ కీర్తనో గుర్తుంది. కానీ ఈయన ఎక్కడ ఆపుతున్నారో వినబడకపోతే ఎక్కడ అందుకోను? ఊహించి చదివాను. ఈయన మాటల మీద పడుతున్నానేమో. మధ్యలో ఆపేశాను.

అక్టోబరు 4

మీనాకుమారి గారిని పిలిచాను. సంగతంతా చెప్పాను. నవ్వుతారేమో, భయపడతారేమో అనుకున్నాను. ఆవిడ పైట చెంగుతో చేతులు తుడుచుకుని, "నాకు మీ వాక్యాలు రావండి" అన్నారు.

"మీకు రానక్కర్లేదండి. ఆయన ఆగినప్పుడు నాకు చెప్తే చాలు."

"నోటితో చెప్తే మీ చదువుకి అడ్డం కదూ. మోకాలి మీద తడతాను."

ఇంటికి వెళ్ళి దీపం పెట్టి, ఏడింటికి వచ్చారు. పేము కుర్చీలో కూర్చోబోయి, ఆగి, నా పక్కన చాప మీద కూర్చున్నారు. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టి ఫోను ఇచ్చాను. తొమ్మిదోది నొక్కాను.

ఆవిడ ముఖం చూస్తూ కూర్చున్నాను. ముందు ఏమీ లేదు. తరవాత కనుబొమలు ముడిపడ్డాయి. తరవాత ముడి విడిపోయింది, ఎరిగున్న మనిషి ఎదురైనప్పటిలాగా. తలపైకి పైట లాక్కున్నారు.

మోకాలి మీద తట్టారు.

రెండో వచనం చదివాను. ఆవిడ వేలెత్తి ఉండమన్నారు, మళ్ళీ తట్టారు. నాలుగోది. ఒకచోట ఆవిడ పెదవుల మీద నవ్వొచ్చింది. "దగ్గారండి" అన్నారు మెల్లగా. ఆరోది, ఎనిమిదోది. ఈయన నెమ్మది నాకు తెలిసిందే, ఆ వేలు ఎత్తి ఉన్నంతసేపూ నేను కూడా లోపల ఈయన వచనం చూసుకుంటున్నాను. ఒక్కసారి కూడా నేను ముందు పడలేదు. కిటికీ అవతల వాళ్ళ దేవుడి గదిలో దీపం కనబడుతోంది.

నావి అయిపోయాయి. ఆ కీర్తనలో ఆఖరి వచనం ఈయనది. దాని తరవాత ఏమీ లేదు. గ్రంథం మూసి, అయిపోయిందండి, తీసెయ్యండి అన్నాను.

ఆవిడ తియ్యలేదు. వింటున్నారు. ఫోను చూశాను, తొమ్మిదోది అయిపోయి అంకెలు సున్నాకి వచ్చి ఆగి ఉన్నాయి. ఆవిడ నా వైపు తిరిగి, నెమ్మదిగా, మోకాలి మీద తట్టారు.

చదవడానికి నాకు వచనం లేదు.

"ఉన్నానండీ" అన్నాను.

ఆవిడ వేలు చాలాసేపు గాల్లోనే ఉంది. తరవాత మళ్ళీ తట్టారు.